బండ మీద లెక్క

(కడపలో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల కోసం జరిగిన ఒక సమావేశంలో విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు నుంచి టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. తొమ్మిదిన్నరకు మొదలు కావలసిన సమావేశం పదిన్నరకు మొదలైంది కాబట్టి, మీ భోజన సమయంలోకి నేను చొరబడనని ముందే మాట ఇస్తున్నాను. మీలో ప్రతి ఒక్కరూ తమ తరగతిలోని ఒక పిల్లవాడి నోటుపుస్తకం వెంట తెచ్చుకోవాలని కబురు పంపాను. తెచ్చారా? వెనక వరుసలో కూర్చున్న అయ్యవార్లు కూడా తెచ్చారా? మంచిది. ఇప్పుడే తెరవకండి, ఒళ్లోనే ఉంచుకోండి. చివర్లో దానితో పని ఉంది.

నాకు ఇచ్చిన అంశం ‘తరగతిగదిలో రోజువారీ అభ్యసన’. పేరు చాలా పెద్దది. 34 ఏళ్లు చిన్న తరగతులకు పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి అంత పెద్ద పేరుకు సరిపడా మాట్లాడగలనని నిర్వాహకులు అనుకుని ఉంటారు. నేను ఒక్క సంగతి మాత్రమే మాట్లాడతాను. పిల్లలు చేసే తప్పుల గురించి మాట్లాడతాను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, పిల్లవాడు రాసిన తప్పు మీద ఎర్ర గీత గీయడానికి మనకు అర నిమిషం కూడా పట్టదు. ఆ తప్పు ఎందుకు పుట్టిందో కనుక్కోవడానికి నాకు కొన్నిసార్లు నెలలు పట్టింది, కొన్నిసార్లు ఉద్యోగమే అయిపోయింది. ఆ నెలల సంగతి, ఆ మిగిలిపోయినవాటి సంగతి చెబుతాను.

ముందు బండల గురించి చెప్పాలి. మన జిల్లాలో ఏ ఇంట్లోకి వెళ్లినా కాళ్ల కింద ఉండేది నాపరాయే కదా. ఎర్రగుంట్ల చుట్టుపక్కల గనుల్లో తీసే ఆ నల్లరాయి మన నేలకూ, వంటింటి గట్టుకూ, గోడ అలమరలకూ అన్నిటికీ అదే. పైఊళ్లవాళ్లు దాన్ని కడప బండ అని మన ఊరి పేరుతోనే పిలుస్తారు. నేను ఎక్కువ కాలం పనిచేసిన బడిలో వరండా పొడవునా ఆ బండలే పరిచారు. పిల్లల కాళ్ల కింద అరిగి అరిగి అవి పలకలా నున్నగా తయారయ్యాయి. అయిదు తరగతులకు ఇద్దరమే ఉండేవాళ్లం. గదిలో నల్లబల్ల ఒకటే. అందుకని మూడో తరగతివాళ్లకు తలా ఒక సుద్దముక్క ఇచ్చి, తలా ఒక బండ చూపించి, లెక్కలు అక్కడే చేయమని కూర్చోబెట్టేవాణ్ణి. దీని వెనక బోధనాపద్ధతి ఏదో ఉందని అనుకోకండి, చోటు చాలక చేసిన పని అది.

కొన్నాళ్లకు ఒక విషయం గమనించాను. నోటుపుస్తకంలో రాసేటప్పుడు నేను దగ్గరికి రాగానే ఎడమచేయి అడ్డంపెట్టి దాచుకునే పిల్లవాడే, బండ మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా రాసి, “సార్, ఇట్ల వచ్చి చూడు” అని పిలిచేవాడు. వాడికి నోటుపుస్తకంలో భయం ఎందుకు? బండ మీద ధైర్యం ఎందుకు? బండ మీది తప్పు అరచేత్తో ఒక తుడుపు తుడిస్తే పోతుంది. నోటుపుస్తకంలోని తప్పు, దాని పక్కన నేను పెట్టిన ఇంటు గుర్తుతో సహా, ఆ పుస్తకం పాత పేపర్లవాడి తక్కెట్లోకి వెళ్లేదాకా అలాగే ఉంటుంది. ఈలోగా వాళ్ల నాయన చూస్తాడు, మామ చూస్తాడు, ఇన్‌స్పెక్షనుకు వచ్చినవాళ్లు చూస్తారు. అంతమంది చూస్తారని తెలిసినప్పుడు మీరైనా నేనైనా తెలియనిది రాస్తామా? తెలిసినంతే రాస్తాం, తక్కినది పక్కవాడిది చూసి రాస్తాం. బడిలో పిల్లల తప్పులను నేను మొదటిసారి చూసింది ఆ బండల మీదే. అంతకుముందు పదేళ్లపాటు వాటిని లెక్కపెట్టి మార్కులు వేశాను, అంతే.

ఇక ఒక అమ్మాయి సంగతి చెబుతాను. మూడో తరగతి. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, చదివేది తెలుగు మాధ్యమం. కడపలో, రాయచోటిలో, ప్రొద్దుటూరులో పనిచేసినవారికి ఇలాంటి పిల్లలు కొత్త కాదు. ఆ అమ్మాయి 35 రాయమంటే 53 రాస్తుంది. 47 రాయమంటే 74 రాస్తుంది. నేనేం చేశాను? తప్పు రాసిన ప్రతి సంఖ్యనూ పదేసిసార్లు రాసుకురమ్మన్నాను. చక్కగా రాసుకొచ్చేది. మరునాడు అడిగితే మళ్లీ 53. చూసి రాయడం కంటికి సంబంధించిన పని, విని రాయడం చెవికి సంబంధించిన పని. ఈ తేడా నాకు అప్పుడు తెలియలేదు. ఈ పిల్లకు ధ్యాస లేదని నిర్ణయించేశాను. తండ్రిని పిలిపించి అదే మాట చెప్పాను కూడా. ఆయన తల వంచుకుని విని వెళ్లిపోయాడు.

అవి బడుల్లో మధ్యాహ్నం వండి పెట్టడం కొత్తగా మొదలైన రోజులు. మన రాష్ట్రంలో ఆ పథకం 2003లో వచ్చింది. ప్లేట్లు లెక్కపెట్టే పని పిల్లలకు వంతుల వారీగా అప్పగించేవాళ్లం. ఒకరోజు ఈ అమ్మాయి వంతు వచ్చింది. వరండాలో ప్లేట్లు పేరుస్తూ తనలో తాను అనుకుంటోంది: తేంతీస్, చౌంతీస్, పైంతీస్. అనుకుని, సుద్దముక్క తీసుకుని పక్కనున్న బండ మీద 53 అని రాసింది. నాకు ఉర్దూ రాదు. ఇంకో పిల్లను పిలిచి, పైంతీస్ అంటే ఎంత అని అడిగాను. ముప్పై ఐదు సార్ అంది. పైంతీస్. మీరూ ఒకసారి పైకి అనండి. పైం, తీస్. ముందు ఏది వినబడుతోంది? ఐదు. తరువాత? ముప్పై. మన తెలుగులో ముప్పై ముందు వస్తుంది, ఐదు వెనక వస్తుంది. పలికిన వరసలోనే రాసుకుంటూ పోతే సంఖ్య సరిగ్గా వచ్చేస్తుంది. ఉర్దూలో ఒకట్లు ముందు పలుకుతారు, పదులు తరువాత పలుకుతారు. నేను తెలుగులో చెప్పిన ముప్పై ఐదును ఆ పిల్ల మనసులో పైంతీస్ చేసుకుని, విన్న వరసలో రాసింది. ధ్యాస లేని పిల్ల చేసే పనేనా ఇది? రెండు భాషల మధ్య రోజంతా వంతెన మీద నడుస్తున్న పిల్ల అది.

ఆ సాయంత్రం పాత నోటుపుస్తకాలు తెప్పించి కూర్చున్నాను. 20, 30, 40 ఒక్కచోట కూడా తప్పలేదు. 33, 44 కూడా తప్పలేదు, తిరగేసినా అవి అవే కదా. రెండంకెలూ వేరువేరుగా ఉన్న సంఖ్యలు మాత్రమే తారుమారయ్యాయి. నా ఎర్ర గీతలన్నీ ఒకే తప్పు చుట్టూ తిరుగుతున్నాయి, గీసిన నాకే అది కనబడలేదు. ఆ తరువాత ఏం చేశామంటే, బండ మీద రెండు గళ్లు గీసి, పదులకు పుల్లల కట్టలు, ఒకట్లకు విడిపుల్లలు పెట్టించాను. ఉర్దూలోనే పలకనిచ్చి, ఏ మాట ఏ గడిలోకి పోతుందో తననే చూపించమన్నాను. వారం తిరగకముందే సర్దుకుంది. దీన్ని గొప్ప విజయంగా చెప్పడం లేదు. ప్లేట్లు లెక్కపెట్టే వంతు ఆ రోజు ఇంకొకరికి పడి ఉంటే నేను ఇప్పటికీ ఆ పిల్లకు ధ్యాస లేదనే అనుకుంటూ ఉండేవాణ్ణి. తెలుగు పిల్లలు నూటమూడును 1003 అని రాయడం మీ అందరికీ తెలుసు. వందను వందగా రాసి, దాని పక్కన మూడు పెడతారు. అదీ విన్నది విన్నట్టు రాయడమే.

తీసివేత దగ్గరికి వద్దాం. 52 లోంచి 37 తీసేయమంటే 25 అని రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఉన్నారా లేదా, చెప్పండి మేడమ్. ఉంటారు. 2 లోంచి 7 పోదు, కనుక 7 లోంచి 2 తీసి 5 వేస్తారు. ఇలా ఎందుకు చేశావని ఒకణ్ణి అడిగాను. “నువ్వే చెప్పినావు గదా సార్, పెద్దదాంట్లోంచి చిన్నది తీయల్ల అని” అన్నాడు. నిజమే, నేనే చెప్పాను. రెండో తరగతిలో ఒక అంకె లెక్కలు చెప్పేటప్పుడు వందసార్లు చెప్పాను. వాడు నా మాటను నాకన్నా నమ్మకంగా గుర్తుపెట్టుకున్నాడు. ఆ తప్పు నాది, ఇంటు గుర్తు మాత్రం వాడి పుస్తకంలో పడింది.

సరే, పక్కనున్న 5 దగ్గర ఒకటి అప్పు తెచ్చుకోవాలని చెప్పాను. మనమందరం అలాగే చెబుతాం, మనకూ అలాగే చెప్పారు. ముందు వరుసలో కూర్చున్న ఒక పిల్లవాడు లేచాడు. “అప్పు తెచ్చుకుంటే మళ్లా ఇయ్యల్ల గదా సార్. మనం ఎప్పుడిస్తాం?” అని అడిగాడు. మీరు నవ్వుతున్నారు, ఆ రోజు నేనూ నవ్వాను. వాడు మాత్రం నవ్వలేదు. పంట పెట్టుబడికి వడ్డీకి తెచ్చిన డబ్బు గురించి రోజూ రాత్రి అమ్మానాయనా మాట్లాడుకునే ఇంటి నుంచి వచ్చినవాడు. వాడి లెక్కలో, తిరిగి ఇవ్వని అప్పు అంటూ ఒకటి ఉండదు. లెక్క చివర్లో ఆ ఒకటి తిరిగి 5 దగ్గరికి చేరకపోతే లెక్క పూర్తి కాలేదనే వాడి అనుమానం. ఇందులో గణితపరంగా కూడా వాడి పక్షానే న్యాయం ఉంది. ఎందుకంటే అక్కడ జరిగేది అప్పు కాదు. 5 పదుల్లో ఒక పదిని విడదీసి పది ఒకట్లుగా మార్చుకుంటున్నాం. కొట్టుకు వెళ్లి పదిరూపాయల నోటుకు చిల్లర తెచ్చుకోవడం అది. మొత్తం సొమ్ము పెరగదు, తరగదు, ఎవరికీ బాకీ పడం. ఆ రోజు నుంచి నా తరగతిలో అప్పు అనే మాట మానేసి చిల్లర అనే మాట వాడాను. బండ మీద ఒక పక్క పదినోట్లు, ఒక పక్క రూపాయి బిళ్లలు గీసుకుని, నోటు కొట్టేసి పది బిళ్లలు వేసుకుంటే, 12 లోంచి 7 పోతే 5, మిగిలిన 4 పదుల్లోంచి 3 పోతే 1, మొత్తం 15 అని వాళ్లే చెప్పేవారు. ఒక్క మాట మార్చడానికి నాకు ఒక పిల్లవాడి బాకీల భయం కావలసివచ్చింది.

హైస్కూలు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ కొందరున్నారు, వారి కోసం ఒక్క ఉదాహరణ చెప్పి ముందుకు వెళతాను. దశాంశాల్లో 4.5 తరువాత 5 వస్తుందని పట్టుబట్టే పిల్లవాణ్ణి చూశారా? వాణ్ణి క్రికెట్ గురించి అడగండి. ఓవరుకు ఆరు బంతులు. 4.5 ఓవర్ల తరువాత స్కోరుబోర్డు మీద వచ్చేది అయిదే. ఆ బిందువు ఇక్కడ ఒక పని, అక్కడ ఇంకో పని చేస్తుందని మనం చెప్పకపోతే వాడికి ఎవరు చెబుతారు?

లెక్కలు ఒక ఎత్తు, భాష ఒక ఎత్తు. లెక్కల్లో 53 ఎంత నచ్చజెప్పినా 35 కాదు. తెలుగులో మనం తప్పు అని దిద్దేవాటిలో సగం తప్పులే కావు. మన పిల్లవాడు ‘మామ వచ్చినాడు’ అని రాస్తాడు. మనం దాన్ని కొట్టేసి ‘వచ్చాడు’ అని దిద్దుతాం. ఎందుకు? పుస్తకంలో అలా ఉంది కనుక. వచ్చినాడు అన్నదే పాత రూపం, గ్రాంథికంలోనూ ఉన్న రూపం. అదే వాడుకలో నలిగి వచ్చాడు అయింది. పూర్తి రూపాన్ని నిలబెట్టుకున్నవాడి పుస్తకంలో ఎర్ర సిరా, పొట్టి రూపానికి రైటు గుర్తు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో అయ్యవారుగా ఉంటూ, సవర అనే గిరిజన తెగ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకున్నారు, ఆ భాషలో పుస్తకాలు రాశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న మనం ప్రతి ఏడూ తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం, దండ వేస్తాం, పిల్లల చేత పద్యాలు చెప్పిస్తాం. ఆ సభ ముగించి తరగతికి వచ్చి ‘వచ్చినాడు’ను కొట్టేస్తాం. శెనిక్కాయ అంటే వేరుశనగ అనాలి అంటాం. అనంతపురం, కర్నూలు వైపు దాన్నే బుడ్డలంటారు, అక్కడి అయ్యవార్లు అదీ కొట్టేస్తారు. పరీక్షలో పుస్తకపు భాష రాయాలి కదా అని మీరు అడగవచ్చు. రాయాలి, నేర్పించాలి. నాకు అందులో రెండో మాట లేదు. పరీక్షకు ఒక మాట, ఇంటికి ఒక మాట ఉందని చెప్పి నేర్పడం వేరు, ఇంటి మాట తప్పని చెప్పడం వేరు.

ఈ తేడా తెలియక నేను చేసిన పని ఒకటి ఉంది. చెప్పుకోవడానికి ఇష్టంగా ఉండదు, అయినా చెబుతాను. నాలుగో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు, మహా మాటకారి. సోమవారం పొద్దున, ఇంట్లో జరిగిన విశేషం ఏదైనా నిలబడి చెప్పమని అడిగేవాణ్ణి. వాడు లేచి మొదలుపెట్టాడు. “మా చేన్లోకి బోరుబండి వచ్చినాది సార్.” వచ్చినాది కాదురా, వచ్చింది అన్నాను. “వచ్చింది సార్. మా నాయన టెంకాయ కొట్టినాడు.” కొబ్బరికాయ, కొట్టాడు అన్నాను. పిల్లలు కిసుక్కుమన్నారు. “మున్నూరు అడుగులు ఏసిరి సార్, దుమ్మే లేస్తాండాది...” లేస్తాండాది ఏమిట్రా అన్నాను. ఈసారి తరగతంతా నవ్వింది, నేనూ నవ్వాను. వాడు ఒక్క క్షణం నిలబడి, “అంతే సార్” అని కూర్చున్నాడు. ఆ ఏడాదంతా మళ్లీ వాడు తనంతట తాను లేచి మాట్లాడలేదు. ఆ బోరులో నీళ్లు పడ్డాయో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఒక ఇంటి బతుకంతా ఆ మున్నూరు అడుగుల కింద ఏముందన్నదాని మీద ఆధారపడి ఉంటే, నేను క్రియాపదాలు దిద్దుతూ కూర్చున్నాను.

చాలా ఏళ్ల తరువాత బస్టాండులో వాడే నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. “బాగుండారా సార్” అన్నాడు. అన్న మరుక్షణం సర్దుకుని, “బాగున్నారా సార్” అని మళ్లీ అన్నాడు. మీసాలు వచ్చినవాడు, చంకలో బిడ్డను ఎత్తుకున్నవాడు. నా పాఠాల్లో వాడికి బాగా గుర్తున్నది అదొక్కటే.

ఇక్కడికి దగ్గర్లోనే బ్రౌన్ గ్రంథాలయం ఉంది, మీలో చాలామంది చూసే ఉంటారు. బ్రౌన్ దొర 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. ఇక్కడే బంగళా కొని, పండితులకు తన సొంత డబ్బుతో జీతాలిచ్చి, ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చి చూపించేవాడు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. ప్రతులు పోల్చడం అంటే ఏమిటి? నకలు రాసిన రాయసగాడు ఎక్కడ ఏ అక్షరం తప్పు రాశాడో, ఎందుకు అలా రాసి ఉంటాడో ఆలోచించడం. పైప్రతిలో అక్షరం చెరిగిపోయిందా, చెవికి అలా వినబడిందా, తన ప్రాంతపు పలుకుబడి దొర్లిందా అని చూసుకుంటే తప్పులోంచి అసలు పాఠం బయటపడుతుంది. ఎప్పుడో చనిపోయిన రాయసగాడి తప్పుకు అంత మర్యాద ఇస్తాం. మన ముందు కాళ్లు ముడుచుకుని కూర్చున్న పిల్లవాడు బతికే ఉన్నాడు కదా, అడిగితే చెబుతాడు కదా.

మీ మనసులోని మాట నాకు వినబడుతోంది. ఒక్కొక్కణ్ణి పిలిచి ఎందుకురా ఇలా రాశావని అడుగుతూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడవుతుంది సార్? హాజరు యాప్‌లో ఎక్కించాలి, భోజనం లెక్క యాప్‌లో ఎక్కించాలి, సిగ్నలు అందక మిద్దె ఎక్కాలి. నిజమే. మా కాలంలో రిజిస్టర్లు రాసేవాళ్లం, అదీ తక్కువ పనేమీ కాదు, కానీ రిజిస్టరుకు సిగ్నలు అక్కర్లేదు. నేను అన్ని పుస్తకాలూ ఇలా చదవమని చెప్పడం లేదు. నావల్ల కూడా కాలేదు. రోజుకు రెండు పుస్తకాలు పక్కన పెట్టుకునేవాణ్ణి, అంతే. వాటిలో ఒకే రకం తప్పు రెండుమూడుచోట్ల కనబడితే ఆ పిల్లవాణ్ణి పిలిచి, అదే లెక్కను బండ మీద మళ్లీ చేస్తూ పైకి చెప్పమనేవాణ్ణి. ‘ఎందుకు తప్పు చేశావు’ అని అడిగితే ఏ పిల్లవాడూ నోరు విప్పడు. ‘ఎట్ల చేసినావో నాకూ చెప్పు’ అంటే విప్పుతాడు. ఇంకొకటి కూడా ఉంది. సరిగ్గా చేసిన లెక్కకు కూడా అదే ప్రశ్న వేయాలి. తప్పు చేసినప్పుడే సార్ పిలుస్తాడని తెలిస్తే, పిలవగానే తన లెక్క తప్పని వాడికి తెలిసిపోతుంది.

ప్రతి తప్పు వెనకా ఇంత కథ ఉంటుందని కూడా నేను అనను. కొన్ని తప్పులు నిద్ర చాలక వస్తాయి, మిరపకాయల కోతకు అమ్మానాయనలతో పోయి పది రోజులు బడికి రాక వస్తాయి, కొన్ని వట్టి తొందరపాటు వల్ల వస్తాయి. వాటికి పరిశోధన అక్కర్లేదు. ఏది ఏ రకమో చూడగానే తెలిసిపోతుందని ఎవరైనా అంటే నేను నమ్మను. ఆ అమ్మాయిది ధ్యాస లేకపోవడమేనని నాకూ చూడగానే తెలిసిపోయింది మరి.

ఇక నా మాటలు చాలు, పన్నెండవుతోంది. ఒళ్లోని నోటుపుస్తకాలు తెరవకుండానే మీ ఎడమ పక్కవారికి ఇవ్వండి. మీ పిల్లవాడి గురించి ఏమీ చెప్పకండి, మంచివాడనీ మొద్దు అనీ ఏమీ చెప్పకండి. పుస్తకం అందుకున్నవారు అందులో ఒకే ఒక్క తప్పు ఎంచుకుని, ఆ పిల్లవాడు అలా ఎందుకు రాసి ఉంటాడో మూడు కారణాలు విడి కాగితం మీద రాయండి. మొదటి కారణం వెంటనే తోస్తుంది, అజాగ్రత్త అని. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, దాని తరువాత మూడు రాయండి. రేపు బడికి వెళ్లాక ఆ పిల్లవాణ్ణే అడిగి, మూడింటిలో ఏదైనా కలిసిందో లేదో వచ్చే నెల సమావేశానికి రాసి తీసుకురండి. అరగంట సమయం. ఎర్ర పెన్నులు జేబుల్లోనే ఉండనివ్వండి, పెన్సిళ్లు ఆ బల్ల మీద పెట్టించాను. అమ్మా, ఆ చివర ఫ్యాను కాస్త తగ్గించండి, కాగితాలు ఎగిరిపోతున్నాయి.